పిన్ను దగ్గర తేలే తగువు

గుంటూరు నుంచి తెనాలి వచ్చే దారిలో, తెనాలికి ముందు తగిలే అంగలకుదురులో ఏదైనా డాబా ఎక్కి చూడండి. డిష్‌లన్నీ ఒకే వైపు చూడవు. కొన్ని నిజాంపట్నం వైపు, కొన్ని రేపల్లె వైపు, మరికొన్ని కృష్ణ అవతల చల్లపల్లి వైపు తిరిగి ఉంటాయి. కొత్తవాళ్లకు ఎవరికి తోచినట్టు వాళ్లు బిగించుకున్నట్టు కనిపిస్తుంది. పని తెలిసినవాడు మాత్రం మెట్ల మీద ఉండగానే ఏ ఇంట్లో ఏ కనెక్షనో చెప్పేస్తాడు. నిజాంపట్నం దిక్కున ఉన్నవి 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది ఉపగ్రహాలను చూస్తున్నాయి. టాటా ప్లే ప్రసారాలు అక్కణ్ణుంచి వస్తాయి. 2022 జూన్‌లో ఫ్రెంచ్ గయానా నుంచి పైకి వెళ్లిన మన జీశాట్-24 చోటు కూడా అదే. రేపల్లె వైపువి 93.5 డిగ్రీల దగ్గరున్న జీశాట్-15కి గురిపెట్టినవి. నెలసరి రుసుము లేని దూరదర్శన్ ఫ్రీ డిష్ దాని మీదే ఉంది. చల్లపల్లి వైపు చూసేవి 108.2 డిగ్రీల దగ్గరి ఎస్‌ఈఎస్-7వి, అంటే ఎయిర్‌టెల్‌వి.

ఆ డాబాల పక్కనుంచే, కరెంటు స్తంభం మీద నుంచి స్తంభం మీదకు, కేబుల్ తీగ కూడా పోతూ ఉంటుంది. ఏళ్ల తరబడి ఉన్న కేబుల్ తీయించి డిష్ పెట్టించుకుందామా అన్న చర్చ ఈ రెండింటి మధ్యే ప్రతి ఇంట్లోనూ ఒక్కసారైనా నడుస్తుంది. మామూలుగా అది బిల్లు దగ్గర మొదలై, వానాకాలం దగ్గర ముదిరి, ఎవరో బంధువు చెప్పిన మాటతో ముగుస్తుంది. నా అభిప్రాయం వేరు. ఈ తగువును తేల్చేది కంపెనీ పేరు కన్నా మీ ఇంటి మీదా మీ స్తంభం మీదా పనిచేసిన మనిషి చెయ్యి. ఆ చేతిపని ఏమిటో ఎవరూ దగ్గరగా చూడరు. బొమ్మ వస్తే టీవీ గొప్ప, రాకపోతే కేబుల్ అబ్బాయి తప్పు!

ముందు బిల్లు సంగతి చెప్పేస్తాను, అది పెద్దగా లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ విధానం 2019 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చాక కేబుల్‌కూ డిష్‌కూ లెక్క ఒకే పద్ధతికి వచ్చింది. అప్పట్లో మొదటి 100 ఛానెళ్లకు నెట్‌వర్క్ రుసుము గరిష్ఠంగా 130 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. పే ఛానెళ్ల ధర వేరు. 2020లో అదే 130కి 200 ఛానెళ్లు ఇవ్వాలన్నారు, రెండో టీవీకి ఆ రుసుములో 40 శాతం మించకూడదన్నారు. 2024లో ఆ రుసుము మీది పరిమితిని ఎత్తేశారు. ఛానెల్ ధర ఛానెల్ వాళ్లే ప్రకటిస్తారు, అది తీగలో వచ్చినా ఆకాశంలో వచ్చినా అంతే. కనుక నెలకు పదో ఇరవయ్యో తేడా కోసం మారడంలో అర్థం తక్కువ. పైగా కేబుల్ బాక్సు డిష్‌కు పనికిరాదు, ఒక కంపెనీ డిష్ బాక్సు ఇంకో కంపెనీకి పనికిరాదు. మారితే పాతది అటక మీదికే.

ఇక పని.

డిష్ బిగించే కుర్రాడు సంచీ దించి ముందు చూసేది ఆకాశం. ఉపగ్రహం ఉన్నది భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున. అంగలకుదురు నుంచి చూస్తే 83 డిగ్రీల ఉపగ్రహం దాదాపు దక్షిణాన, క్షితిజం నుంచి 71 డిగ్రీల ఎత్తులో, కొంచెం తక్కువగా నడినెత్తినే ఉంటుంది. జీశాట్-15 ఆగ్నేయంగా 66 డిగ్రీల ఎత్తున. ఎస్‌ఈఎస్-7 ఇంకా తూర్పుకు జరిగి 53 డిగ్రీలకు దిగిపోతుంది. ఈ అంకెలకు కొబ్బరిచెట్లున్న ఊళ్లో చాలా విలువ ఉంది. డిష్ కంటే పది మీటర్లు ఎత్తున్న చెట్టు ఎదురుగా ఉందనుకోండి. మొదటిదానికి ఆ చెట్టు మూడున్నర మీటర్ల దూరంలో ఉంటే చాలు, మూడోదానికి ఏడున్నర మీటర్లు కావాలి. మట్ట కదిలినప్పుడల్లా బొమ్మ విరిగే ఇళ్లలో చాలావాటికి జబ్బు ఇదే. మంచి ఫిట్టరు కనెక్షన్ రాసుకోకముందే, ‘బాబాయ్, ఆ చెట్టు రెండేళ్లలో ఇంకెంత పెరుగుద్ది?’ అని అడుగుతాడు. అలా అడిగినవాడికి ఇంకో గ్లాసు మజ్జిగ ఇవ్వొచ్చు.

ఇక్కడో చిత్రం ఉంది. డిష్ ముఖం అంత పైకి చూస్తున్నట్టు కనిపించదు. ఇళ్ల మీద పెట్టే 60 సెంటీమీటర్ల డిష్ ఆఫ్‌సెట్ రకం. డిష్ ముందు ఉండి సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ నీడ ఆ ముఖానికి అడ్డం రాకుండా దాన్ని కిందికి తప్పించి పెడతారు కాబట్టి, డిష్ అసలు చూసే చోటు కంటే ఇరవై డిగ్రీలకు పైగా కిందికి చూస్తున్నట్టు ఉంటుంది. అందుకని కంటితో గురిచూసి బిగించడం కుదరదు. బ్రాకెట్ మీద డిగ్రీల గీతలుంటాయి, వాటినే నమ్మాలి. ఆ గీతలు నిజం చెప్పాలంటే డిష్‌ను నిలబెట్టే గొట్టం నిట్టనిలువుగా ఉండాలి. గొట్టం రెండు డిగ్రీలు ఒరిగితే గీతలన్నీ రెండు డిగ్రీల అబద్ధం చెబుతాయి. పని తెలిసినవాడు తాపీమేస్త్రీ గుండుదారం లాంటిదే ఒకటి జేబులో ఉంచుకుంటాడు, లేదా స్పిరిట్ లెవెల్ ఆనించి రెండు పక్కలా చూస్తాడు. ఈ ఒక్క పనికి ఐదు నిమిషాలు పడుతుంది. తొందరపడేవాడు ముందు ఎగ్గొట్టేది ఈ ఐదు నిమిషాలే.

తర్వాత తిప్పడం. ఈ సైజు డిష్‌కు చూపు వెడల్పు సుమారు మూడు డిగ్రీలు. నడిమధ్య నుంచి ఒకటిన్నర డిగ్రీ పక్కకు పోతే సిగ్నల్ సగం పోయినట్టే. ఉపగ్రహంలోని ఒక ట్రాన్స్‌పాండర్ నుంచి మన డిష్ మీద పడే శక్తి ఎంతనుకున్నారు? వాట్‌లో లక్ష కోట్ల వంతుల లెక్క. అందులో సగం పారబోసుకోవడం ఎంత తేలికో చూడండి: 38 మిల్లీమీటర్ల గొట్టం చుట్టూ ఒక డిగ్రీ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. అయితే మన వైపు ఉపగ్రహాలు అంత ఎత్తున ఉండడం వల్ల ఒక వెసులుబాటు ఉంది. 83 డిగ్రీలదానికి గొట్టం చుట్టూ ఒక డిగ్రీ తిప్పితే ఆకాశంలో గురి జరిగేది డిగ్రీలో మూడో వంతే. పైకీ కిందికీ వంచే బోల్టు దగ్గర మాత్రం ఆ దయ లేదు, ఎంత వంచితే అంతా జరుగుతుంది. అందుకని ఇక్కడి ఫిట్టర్ల నేర్పంతా ఆ బోల్టు దగ్గర కనిపిస్తుంది.

తిప్పేటప్పుడు ఆగడం కూడా పనే. బాక్సు సిగ్నల్‌ను పట్టుకోవడానికి ఒకటి రెండు సెకన్లు తీసుకుంటుంది. ఆ లోపు చెయ్యి జరిగిపోతే ఉపగ్రహాన్ని దాటిపోయినట్టే తెలియదు. కొంచెం తిప్పి, ఆగి, మీటరు చూసి, మళ్లీ కొంచెం తిప్పాలి. పట్టిన తర్వాత మంచివాడు అక్కడితో వదలడు. ఇటు పోయేదాకా తిప్పి ఒక గుర్తు, అటు పోయేదాకా తిప్పి ఇంకో గుర్తు పెట్టుకుని, రెండిటికీ నడుమ నిలబెడతాడు. నట్లు కూడా ఒకదాన్ని పూర్తిగా బిగించేసి రెండోదానికి పోడు. మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగిస్తాడు, లేకపోతే బిగింపులోనే గురి తప్పుతుంది. తెర మీద రెండు పట్టీలు కనిపిస్తాయి, స్ట్రెంగ్త్ ఒకటి, క్వాలిటీ ఒకటి. చూడాల్సింది రెండోదాన్ని. మొదటిది వేరే ఉపగ్రహం తగిలినా లేస్తుంది.

ఇంకో మెలిక ఎల్‌ఎన్‌బీది. మనకు ఆగ్నేయాన ఉన్న ఉపగ్రహం నుంచి వచ్చే తరంగం మన నేల లెక్కన నిటారుగా దిగదు, పక్కకు వాలి దిగుతుంది. దానికి తగ్గట్టు ఎల్‌ఎన్‌బీని కూడా మెడ తిప్పాలి. అంగలకుదురులో ఆ వాలు 83 డిగ్రీలదానికి ఎనిమిది డిగ్రీలు, జీశాట్-15కి 37, ఎస్‌ఈఎస్-7కి దాదాపు 58. పెట్టెలోంచి తీసినదాన్ని తీసినట్టే బిగిస్తే మొదటిదానికి గడిచిపోతుంది, మూడోదానికి గడవదు. బాక్సు 13 వోల్టులు పంపితే నిలువు తరంగాలు, 18 పంపితే అడ్డ తరంగాలు రావాలి. మెడ సరిగా తిప్పకపోతే ఒకటి రెండోదాంట్లోకి చొరబడుతుంది. సగం ఛానెళ్లు బాగుండి సగం రాని ఇళ్లు చాలావరకు ఈ రెండిటిలో ఒకదాని బాధితులే: ఎల్‌ఎన్‌బీ మెడ, లేదా తీగలో పడిపోయిన వోల్టేజీ.

డిష్ మన పల్లెలకు కేబుల్ తర్వాత వచ్చిందనుకుంటాం కదా. వరస తిరగబడి ఉంది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించిన సైట్ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి, తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. అప్పుడు పెట్టిన యాంటెన్నా పది అడుగులది, కోళ్ల గూళ్లకు వాడే వలతో చేసింది. అహ్మదాబాద్ అంతరిక్ష కేంద్రం ఇంజినీర్లు పల్లెలో దొరికే వలతో ఉపగ్రహాన్ని పట్టే డిష్ చేశారు. ఆ తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు కాబట్టి వల కన్నాలు అడ్డు కాలేదు. ఇప్పటి డిష్ తరంగం రెండున్నర సెంటీమీటర్ల చిల్లర. అందుకే దీనికి నున్నటి రేకు కావాలి, చిన్న సొట్ట పడినా లెక్కలోకి వస్తుంది. కోతులు ఎక్కి ఊగిన డిష్ పైకి బాగానే ఉన్నా పని తగ్గడానికి కారణం ఇదే.

ఇప్పుడు వీధిలోకి రండి. డిష్ ఫిట్టరు పని ఒక పూటది, కేబుల్ లైన్‌మన్ పని ఏళ్లది. దాని గొప్పతనం కంటికి ఆనదు. స్తంభం మీద ఒక యాంప్లిఫయర్, దాన్నుంచి వీధి చివరిదాకా ఒక తీగ, దారిలో ఇళ్లకు చీలికలు, చూడటానికి ఇంతే. కానీ ఆ వీధిలో మొదటి ఇంటికీ చివరి ఇంటికీ ఒకే బలంతో సిగ్నల్ అందాలి. మామూలు స్ప్లిటర్లు వరసగా పెట్టుకుంటూ పోతే రెండుగా చీల్చిన ప్రతిసారీ మూడున్నర డెసిబెల్స్ పోతాయి, అంటే సగం కంటే ఎక్కువ. నాలుగో ఇంటికే ఖాళీ. దానికి విరుగుడు ట్యాపులు. వీటి మీద 20, 17, 14, 11, 8 అని అంకెలుంటాయి. యాంప్లిఫయర్ పక్కనున్న ఇంటికి 20 పెడతారు, అంటే వచ్చినదాంట్లో నూరో వంతే ఇంటికిచ్చి మిగతాది ముందుకు పంపడం. వీధి చివరకు వచ్చేసరికి 8 పెట్టి, మిగిలినదాంట్లో పెద్ద వాటా ఇచ్చేయడం. దగ్గరివాళ్లకు తక్కువ కోసి ఇవ్వడం, దూరంవాళ్లకు ఎక్కువ పెట్టడం. బంతిలో చివరి ఆకుదాకా కూర సరిపోయేలా వడ్డించేవాడి నేర్పు ఇది.

ఇంతటితో అయిపోదు. తీగలో పై ఫ్రీక్వెన్సీలు త్వరగా నీరసిస్తాయి. ఇళ్లలోకి వచ్చే ఆర్‌జీ-6 తీగ వంద మీటర్లలో కింది ఛానెళ్లకు ఐదారు డెసిబెల్స్ తింటే పై ఛానెళ్లకు ఇరవై దాకా తింటుంది. వీధిలో వేసే లావు ఆర్‌జీ-11 కొంత నయం, కానీ తేడా దానికీ ఉంది. అందువల్ల యాంప్లిఫయర్ దగ్గరే పై ఛానెళ్లను కావాలని ఎక్కువ బలంతో వదలాలి, దారిలో అరిగి అరిగి చివరి ఇంటికి అన్నీ సమానంగా చేరేలా. యాంప్లిఫయర్ మూత తీసి చిన్న స్క్రూడ్రైవర్‌తో ఆ వాలు సరిచేసే లైన్‌మన్‌ను ఎప్పుడైనా గమనించండి. మీటరు చూస్తాడు, తిప్పుతాడు, సైకిలెక్కి వీధి చివరికి పోయి అక్కడ చూస్తాడు, మళ్లీ వచ్చి తిప్పుతాడు. కొత్త ఇల్లు ఒకటి మధ్యలో చేరితే ఈ లెక్క అంతా మళ్లీ చెయ్యాలి. చెయ్యనివాళ్లే ఎక్కువ. అందుకే ఒకే ఊళ్లో ఒకే కేబుల్ ఒక వీధిలో అద్దంలా వస్తుంది, పక్క వీధిలో గళ్లు గళ్లుగా విరుగుతుంది.

ఫోనులో జబ్బు పట్టడం ఇంకో విద్య. ‘అబ్బాయ్, బొమ్మ రావట్లేదు’ అంటే మంచి లైన్‌మన్ వెంటనే బయల్దేరడు. ‘పిన్నిగారూ, అన్నీ పోయాయా, కొన్ని పోయాయా?’ అంటాడు. డిజిటల్ కేబుల్‌లో ఒక్కో ఫ్రీక్వెన్సీ గదిలో పది పదిహేను ఛానెళ్లు కలిసి ప్రయాణిస్తాయి. ఒక గుంపు మొత్తం పోయి మిగతావి బాగుంటే తీగ తెగలేదు, ఎక్కడో తీగ కొసనున్న పిన్ను వదులైంది లేదా నీళ్లు దిగాయి. అన్నీ పోతే పక్కింటివాళ్లను అడగమంటాడు. వాళ్లకూ లేకపోతే యాంప్లిఫయర్‌కు కరెంటు పోయినట్టు. చాలాచోట్ల దానికి కరెంటు ఎవరో ఒక ఇంటి నుంచే తీసుకుంటారు, ఆ ఇంటివాళ్లు ఊరెళుతూ మెయిన్ ఆపేస్తే వీధంతా చీకటి. రెండు ప్రశ్నల్లో ఎక్కడికి నిచ్చెన మోసుకెళ్లాలో తేలిపోతుంది.

రెండు పక్షాలకూ ఉమ్మడిగా ఉన్న వస్తువు పిన్ను. ఆ చిన్న ఇత్తడి ముక్క దగ్గరే ఎక్కువ ఇళ్లలో బొమ్మ చెడిపోతుంది. చెక్కడం ఇలా ఉండాలి: పై తోలు తీసి, కింద జడలా ఉన్న సన్నతీగల వల ఒక్క పోగు తెగకుండా వెనక్కి మడవాలి, తెల్లటి నురుగు పొరను అంచుకు సమంగా కొయ్యాలి, మధ్య తీగ పిన్ను అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే బయటికి రావాలి. వలలోని ఒక్క వెంట్రుక మధ్య తీగకు తగిలినా షార్టు. డిష్ విషయంలో ఎల్‌ఎన్‌బీకి వెళ్లే వోల్టేజీ అక్కడే ఆగిపోతుంది. మధ్య తీగ సాధారణంగా ఇనుము మీద రాగి పూత. సిగ్నల్ పూత మీదే పాకుతుంది కాబట్టి అది తప్పేం కాదు. కానీ పళ్లతోనో బ్లేడుతోనో లాగి చెక్కితే పూత గీసుకుపోయి ఇనుము బయటపడుతుంది, తుప్పు పట్టడం మొదలవుతుంది. సూర్యలంక, నిజాంపట్నం వైపు ఉప్పుగాలిలో ఆ తుప్పుకు కాళ్లు కాదు, రెక్కలుంటాయి. తర్వాత పిన్నును నొక్కే పనిముట్టుతో నొక్కాలి. చేత్తో తిప్పి ఎక్కించే పిన్నులు వేసవిలో బాగుంటాయి, అంతే.

పని ముగిశాక మంచివాడు రెండు చిన్న పనులు చేస్తాడు. పిన్ను మీద రబ్బరు తొడుగు ఎక్కిస్తాడు. తీగ గోడలోకి పోయేముందు దాన్ని కిందికి ఒక వంపు తిప్పి తర్వాత పైకి తీసుకెళ్తాడు. వాననీరు తీగ వెంట జారి ఆ వంపు దగ్గర కింద రాలిపోతుంది, బాక్సుదాకా రాదు. ఈ వంపుకు ఖర్చు ఒక అడుగు తీగ. మీ ఇంటి బయట అది ఉందో లేదో ఇప్పుడే చూసుకోవచ్చు.

వాన సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే డిజిటల్ బొమ్మ పనితనాన్ని దాచేస్తుంది. వెనకటి రోజుల్లో సిగ్నల్ తగ్గితే తెర మీద చీమలు పాకేవి, లోపం తెలిసేది. ఇప్పుడు సగం గురితో పెట్టిన డిష్‌లోనూ నిండు గురితో పెట్టిన డిష్‌లోనూ ఎండలో ఒకే బొమ్మ. తేడా మబ్బు కమ్మాక బయటపడుతుంది. డిష్ తరంగం కేయూ బ్యాండుది, పెద్ద చినుకులు దాన్ని మింగేస్తాయి. కేబుల్ కంట్రోల్ రూముల్లో ఉండే పెద్ద డిష్‌లు సీ బ్యాండువి, వాటి తరంగం ఏడు సెంటీమీటర్ల పైచిలుకు, వాన దాన్ని పెద్దగా ఏమీ చెయ్యదు. నిండు గురి పెట్టిన డిష్ జోరువానలో కొద్ది నిమిషాలు ఆగి తిరిగొస్తుంది. సగం గురిది తుంపరకే పోతుంది. ‘డిష్ అంటే ఇంతే’ అని జనం సరిపెట్టుకుంటారు. ఇంతే కాదు, ఫిట్టరు అంతే!

మరి తుపానుకు? 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలికి స్తంభం కూలితే కేబుల్ వీధంతా పోతుంది, మళ్లీ కట్టడానికి రోజులు పడుతుంది. డిష్ గొట్టం సరిగా పాతి ఉంటే ఆ ఇల్లు ఒంటరిగా నిలబడుతుంది, ఇన్వర్టర్ ఉంటే వార్తలూ వస్తాయి. ఇసుక బస్తాలు వేసి నిలబెట్టిన డిష్ మాత్రం పక్క డాబా మీద దొరుకుతుంది. వాన విషయంలో కేబుల్‌ది పైచెయ్యి, గాలి విషయంలో డిష్‌ది. ఎండ విషయంలో ఇద్దరూ సమానం. మార్చి మధ్యలోనూ, సెప్టెంబరు ఆఖర్నుంచి అక్టోబరు మొదట్లోనూ కొన్ని రోజులు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చినప్పుడు కాసేపు ఎవరికీ బొమ్మ రాదు. అప్పుడు ఎవర్నీ తిట్టకండి.

ఈ మధ్య వీధి తీగ స్థానంలోకి ఫైబర్ వస్తోంది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగానే గాజుతీగ లాగి, మొదట్లో నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోను కలిపి ఇస్తామంది. ఇళ్లకు కనెక్షన్లు వేసింది స్థానిక కేబుల్ ఆపరేటర్లే. ఫైబర్ రాకతో యాంప్లిఫయర్ల బాధ చాలావరకు తీరింది. అతికే నేర్పు మాత్రం ఇంకా సూక్ష్మమైంది. వెలుగు నడిచే దారి తొమ్మిది మైక్రాన్లు, తల వెంట్రుకలో ఎనిమిదో వంతు. రెండు కొసలనూ స్పిరిట్‌తో తుడిచి, నున్నగా తుంచి, యంత్రంలో ఎదురెదురుగా పెడితే అది విద్యుత్ మెరుపుతో కరిగించి కలుపుతుంది. యంత్రం చేస్తుందిలే అనుకోవద్దు. తుంచిన కొస వంకరగా ఉన్నా, దుమ్ము రేణువున్నా యంత్రం చెయ్యగలిగింది లేదు. నడిరోడ్డు మీద, స్తంభం పక్కన స్టూలు మీద, లారీలు లేపే దుమ్ములో ఈ పని చేస్తున్న కుర్రాణ్ణి చూస్తే నాకు ఏ ప్రయోగశాల మీదా అంత గౌరవం కలగదు.

ఇక తీర్పు. వీధిలో లైను చూసుకునే మనిషి ఉండి, ఫోను చేస్తే అదే పూట నిచ్చెనతో వచ్చేవాడైతే అంగలకుదురులో కేబుల్ మానుకోవాల్సిన పనిలేదు. ఊరికి దూరంగా పొలాల్లో ఇల్లున్నవాళ్లకు, వీధి చివర ఎప్పుడూ కరువుపడే ఇళ్లకు, దక్షిణ, ఆగ్నేయాల వైపు ఆకాశం ఖాళీగా ఉన్నవాళ్లకు డిష్ మేలు. వార్తలూ దూరదర్శనూ చాలనుకునే పెద్దవాళ్లకు ఫ్రీ డిష్ ఉంది. ఇవేవీ తేల్చుకోకముందు ఒక పని చెయ్యండి. ఇప్పుడున్న కనెక్షన్‌కే డాబా మీదా టీవీ వెనకా పిన్నులన్నీ కొత్తవి నొక్కించి, తొడుగులు వేయించి, ఒక పెద్దవాన పడేదాకా ఆగండి. అప్పటికీ బొమ్మ విరుగుతుంటే మార్చండి. మార్చేటప్పుడు మాత్రం ఏ కంపెనీ అని కాకుండా, బిగించడానికి ఎవరు వస్తారని అడగండి.